ఆకు వాడేదాకా

మా పెరట్లో నూతి గట్టు పక్కన ఒక ఆముదం మొక్క ఉంది. ఎవరూ నాటలేదు, ఎవరూ పీకలేదు. దాని నుంచి చిల్లులు లేని ఆకులు మూడు కోసుకు రమ్మని పెదనాన్న అన్నారంటే, ఇంట్లో మగవాళ్ళలో ఎవరికో నడుం కింద ఏదో అయిందని అర్థం. ఆ సంగతి ఆడవాళ్ళందరికీ తెలుసు. తెలిసినట్టు మాత్రం ఎవరూ కనబడకూడదు. ఆకు కోయడం వరకే మా పని. దాన్ని నిప్పుల మీద వెచ్చచేసి, ఆముదం రాసి, కట్టు కట్టడం ఇంటి పెద్దమగవాడి పని. కట్టాక ఆకు వాడేదాకా మనిషి మంచం దిగకూడదు.

ఈ పద్ధతి తాతయ్యతో మొదలయింది. ఆయనకి వరిబీజం ఉండేది. మా వైపు బుడ్డ అంటారు. మా బెల్లం కొట్టులో గోడకి వేలాడే ఫొటోలో తాతయ్య చాప మీద కూర్చుని, పంచె కుచ్చిళ్ళన్నీ ఒళ్ళో పోగుపెట్టుకుని ఉంటారు. అవి ఎందుకలా పోగుపెట్టారో చిన్నప్పుడు నాకు తెలిసేది కాదు. బుడ్డ దిగిన ఏడాదే ఆయన వ్యాపారం కుదుటపడిందట. అప్పటినుంచి మా ఇంట్లో అది రోగం కాదు, కలిసొచ్చిన గుర్తు. "అదృష్టం ఎక్కడ దిగాలో దానికి మనం చెప్తామేటి" అని పెదనాన్న అనేవారు. మగవాళ్ళందరూ నవ్వేవారు. మేం వంటింట్లోకి వెళ్ళిపోయేవాళ్ళం.

నేను ఆ వంటింట్లోకి అందరికంటే ముందు వెళ్ళిపోయే మనిషిని. షేర్ ఆటోలో "ఇక్కడ ఆపండి" అనడానికి నోరు రాక, ఇంకెవరైనా దిగేదాకా కూర్చుని, దిగాక వెనక్కి నడిచి వచ్చేదాన్ని. డిగ్రీ అయ్యాక దూరవిద్యలో ఎం.ఏ. కట్టాను, తరగతి గదిలో లేచి నిలబడే పని ఉండదని. మాట్లాడవలసినవన్నీ డైరీలో రాసుకుంటాను. ఎరువుల కొట్టువాళ్ళు ఏటా నాన్నకి ఇచ్చే డైరీ అది. ప్రతి మాటకీ ముందు టైము వేయడం నాకు అలవాటు. "7.10. పాలు విరిగాయి." "4.30. అమ్మ ఏడ్చింది, ఉల్లిపాయలంది." అంత చిన్న చిన్న సంగతులే.

ఇప్పుడు రాసేది తమ్ముడి సంగతి. వాడు రాసుకోమన్నాకే రాస్తున్నాను.

వాడప్పుడు ఇంటర్ రెండో ఏడు. ప్రాక్టికల్స్ రోజులు. ఇంకా చలి తగ్గలేదు. పొద్దున్నే ట్యూషన్‌కి వెళ్ళడానికి లేచినవాడు స్నానాల గదిలో వాంతి చేసుకున్నాడు. తలుపు తీసి, రెండు చేతులూ పొట్ట కింద పెట్టుకుని, వంగిపోయి బయటికి వచ్చాడు. మొహం తెల్లగా పాలిపోయి ఉంది.

"ఏటయిందిరా?" అంది అమ్మ.

"కడుపునొప్పి."

"నిన్న ఆ చెరుకురసం తాగొద్దన్నాను. ఐసు వేయించుకున్నావా?"

అమ్మ వాము నీళ్ళు కాచి ఇచ్చింది. నేను అలవాటుగా డైరీ తీసి రాశాను: "5.40. తమ్ముడికి వాంతి. కడుపునొప్పి అంటున్నాడు." ఆ మాట చివర "అంటున్నాడు" అని ఎందుకు రాశానో ఇప్పటికీ చెప్పలేను. వాడు పొట్ట పట్టుకోలేదనీ, ఇంకా కిందికి పట్టుకున్నాడనీ నా కళ్ళు చూశాయి కాబోలు.

ఆరున్నరకి నాన్న బెల్లం మార్కెట్‌కి వెళ్ళిపోయారు. వేలంపాట మొదలయ్యే వేళకి యార్డులో ఉండాలి. ఏడింటికి పెదనాన్న తమ్ముడి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. వచ్చి, నా వైపు చూడకుండా, గోడతో చెప్పినట్టు చెప్పారు.

"అమ్మీ, మూడాకులు కొయ్యి. చిల్లుల్లేకుండా చూడు."

నేను కోశాను. ఇది దాచను. ఎర్రటి తొడిమలు విరిచి, మంచు తుడిచి, తీసుకొచ్చి ఇచ్చాను. ఇచ్చాకే నాకో పుస్తకం గుర్తొచ్చింది.

పాత పుస్తకాల బండి దగ్గర కొన్న ఇంటి వైద్యం పుస్తకం అది. అట్ట కనబడకుండా పేపరు వేసి బట్టల కింద దాచుకున్నాను. ఆడవాళ్ళ రోగాల పేజీలు పదిసార్లు చదివాను. ఆ తరవాతి పేజీలు మగవాళ్ళవి. అవి మెట్ల మీద అడుగుల చప్పుడు వింటూ గబగబా ఒకే ఒక్కసారి చదివాను. ఇప్పుడు పైకి పరుగెత్తి మళ్ళీ తీశాను.

ఎదిగే వయసు మగపిల్లలకి ఒక్కోసారి వృషణం తన తాడు మీద తానే మెలిపడిపోతుందని ఉంది అందులో. ఉన్నట్టుండి ఒక పక్కే విపరీతమైన నొప్పి, వాంతి, వాపు, ఆ పక్క కొంచెం పైకి లాక్కున్నట్టు ఉండటం. మెలికతో రక్తం ఆగిపోతుంది. ఆరుగంటల లోపు కోసి సరిచేస్తే చాలావరకు బతుకుతుంది, ఆలస్యమైన కొద్దీ ఆశ తగ్గుతుంది. పిల్లలు సిగ్గుపడి కడుపునొప్పి అని చెప్తారని కూడా ఉంది. ఆ వాక్యం దగ్గర పుస్తకం మూసేశాను.

కిందికి వచ్చి పెరటి వైపు కిటికీ దగ్గర నిలబడ్డాను. తమ్ముడు మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

"ఒరే, ఎడమా కుడా?"

"పో అక్కా."

"చెప్పు."

"ఛీ, నీకెందుకు? పో."

"చెప్పకపోతే ఇక్కడే నిల్చుని గట్టిగా అడుగుతాను. పక్కింటి మామ్మగారు నూతి దగ్గరే ఉన్నారు."

వాడు గోడకే చెప్పాడు. "ఎడమ."

"వాచిందా?"

"ఊఁ. పైకి ఎక్కిపోయినట్టుంది. ముట్టుకుంటే చచ్చిపోతన్నాను. అక్కా, నాకు భయమేస్తంది."

ఈ చివరి మాట వాడు నాతో అనడం పుట్టాక అదే మొదటిసారి. "7.45. ఎడమ" అని రాశాను. డైరీ చేత్తోనే పట్టుకుని వసారాలోకి వెళ్ళాను.

పెదనాన్న పేపరు చదువుతున్నారు.

"పెదనాన్నా, తమ్ముడిని ఆసుపత్రికి తీసికెళ్ళాలి."

"ఆకు వాడనీ."

"అది వాడేసరికి మధ్యాహ్నం అవుద్ది."

"అవుద్ది. అయితే ఏటి?"

"అప్పటికి చచ్చిపోద్ది."

ఆయన పేపరు దించారు. "ఏది?"

ఏది అని అడిగితే అక్కడే ఆగిపోతానని ఆయనకి తెలుసు. ఇరవైమూడేళ్ళుగా నేను అలాంటి ప్రశ్న దగ్గరే ఆగిపోయాను.

"తమ్ముడి ఎడమ బీజం."

వంటింట్లో మిక్సీ ఆగిపోయింది.

"ఒసే! నోరేనా అది? ఆడపిల్లవి, నీకెందుకే ఈ విషయాలు? ఎవరు నేర్పేరు?"

"పుస్తకంలో చదివేను."

"చదివించకండర్రా అంటే విన్నారా! ఇలాటివా చదవడం? బుడ్డ దిగతందే వాడికి. తాత పోలిక. మా నాన్న నలభై ఏళ్ళు మోసేడు, ఏటయింది? ఎనభై దాటి పోయేడు."

"తాతయ్యకి నొప్పి ఉండేదా?"

పెదనాన్నకి తెలీదు. కట్టు కట్టడం తెలుసు గానీ నొప్పి ఉందా అని వాళ్ళ నాన్నని ఆయన ఎప్పుడూ అడిగి ఉండరు. అడిగే సంగతి కాదది.

జవాబు వసారా మూల నుంచి వచ్చింది. నానమ్మ కుక్కి మంచం మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఆవిడది నాతవరం వైపు పల్లెటూరు. పెళ్ళయి డెబ్భై ఏళ్ళు కావొస్తున్నా ఆ యాస పోలేదు. తల ఎత్తకుండానే అంది.

"ఏనాడూ నొప్పి అన్లేదు. బరువనేవోడు. ఎండాకాలం తొడల్లో ఒరుపు అనేవోడు. అదీ ఒక్కరోజులో దిగినాదేటి? ఏడాది పట్టినాది. వోంతి ఎప్పుడు సేసుకున్నాడు? రెండు పూట్లా సుబ్బరంగా తినేవోడు."

"అమ్మా, నువ్వు ఊరుకో," అన్నారు పెదనాన్న.

"డెబ్భై ఏళ్ళు ఊరుకున్నాన్రా. ఆకులు నేనే కోసేదాన్ని. ఏటి, నాకు తెల్దా?" అని చేట పక్కన పెట్టి నా వైపు చూసింది. "ఆ గుంటడి మొకం సూసేను. ఇది మీ తాతది కాదు. బేగి తీసుకుపో."

అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. తిన్నగా తమ్ముడి గది తలుపు తీసింది. పెదనాన్న మాట కాదని మా అమ్మ ఒక తలుపు తీయడం నేను చూసింది అప్పుడే.

నేను వీధిలోకి పరుగెత్తాను. కశింకోట వైపు నుంచి ఒక షేర్ ఆటో నిండా జనంతో వస్తోంది. రోడ్డు మధ్యలో నిలబడి రెండు చేతులూ ఎత్తి "ఆపండి!" అని అరిచాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలీదు.

"ఖాళీ లేదమ్మా, కనపట్టం లేదేటి?" అన్నాడు డ్రైవరు.

"మా తమ్ముడికి ఆసుపత్రి. అర్జెంటు."

"ఏటైనాది?" అంది లోపల కూరగాయల బుట్టతో కూర్చున్న ఆవిడ.

తొమ్మిదిమంది నా వైపు చూస్తున్నారు. "బీజం మెలిపడింది. రక్తం ఆగిపోయింది. గంటల్లో తీసికెళ్ళాలి," అన్నాను. ఎవరూ నవ్వలేదు. నేను ఇన్నేళ్ళూ భయపడిన నవ్వు ఆ ఆటోలో లేదు.

డ్రైవరు వెనక్కి తిరిగి, "మావా, నువ్వు దిగు. అందరూ దిగండి, ఎనకాల ఇంకో బండి వత్తంది," అన్నాడు. తరవాత నాతో, "మా బావమరిదికి ఇలాగే అయితే రెండ్రోజులు సూసి తీసుకెళ్ళేం. ఒకటి తీసీసేరు. బేగి తెండమ్మా గుంటడ్ని," అన్నాడు.

బుట్ట ఆవిడ దిగుతూ అడిగింది, "ఇంట్లో మగోళ్ళు లేరేటమ్మా?"

"ఉన్నారు," అన్నాను.

ప్రతి గోతి దగ్గరా తమ్ముడు నా మణికట్టు పట్టుకుని నొక్కేవాడు. వాడి గోళ్ళ గుర్తులు రెండు రోజులున్నాయి. అమ్మ వాడి తల ఒళ్ళో పెట్టుకుని ఏదో మొక్కుకుంటోంది. నేను దారిలో నాన్నకి ఫోన్ చేశాను. పాట గోలలో ఆయనకి సరిగా వినబడలేదు. నేను మళ్ళీ మళ్ళీ అదే మాట గట్టిగా చెప్పవలసి వచ్చింది. మూడోసారికి ఆ మాట నా నోట్లో మామూలు మాటయిపోయింది.

మేం దిగేసరికి పెదనాన్న స్కూటరు మీద మాకంటే ముందే వచ్చి కౌంటరు దగ్గర ఉన్నారు. మనిషి మంచివాడే. తమ్ముడిని భుజాల మీద ఎక్కించుకుని జాతర చూపించినవాడు. అయినా కౌంటరు అమ్మాయికి ఆయన చెప్తున్నది, "కడుపునొప్పమ్మా. రాత్రి తిన్నది పడలేదు."

"జనరల్ డాక్టరుగారు పదింటికి వస్తారు. కూర్చోండి," అని ఆమె చీటీ రాయబోయింది.

"కడుపు కాదు," అన్నాను. "ఎడమ వృషణం. ఉన్నట్టుండి నొప్పి, వాపు, వాంతి. సర్జన్ కావాలి. ఇప్పుడే."

ఆ అమ్మాయిది నా వయసే ఉంటుంది. ఒక్క క్షణం చూసి, చీటీ చింపి, లోపలికి ఫోన్ చేసింది. పెదనాన్న రాని దగ్గు దగ్గుతూ కిటికీ దగ్గరికి వెళ్ళిపోయారు.

సర్జన్ పెద్దాయన. తెర వేసి వాడిని చూశారు. కట్టు విప్పాక తొడ లోపలివైపు వేలితో గీశారట. అలా గీస్తే మామూలుగా ఆ పక్క బీజం పైకి కదలాలట, కుడివైపు కదిలింది, ఎడమవైపు కదల్లేదు. ఇది తమ్ముడు తరవాత చెప్పాడు. తెర ఇవతల నాకు వినబడింది ఒక్కటే.

"ఎప్పుడు మొదలైంది?"

"తెలీదు సార్," అన్నాడు తమ్ముడు.

"ఇప్పుడే సార్, ఓ గంట అవుద్దేమో," అన్నారు పెదనాన్న. ఇంట్లో పెట్టుకుని కూర్చున్నామని చెప్పడానికి ఆయనకి మనసొప్పలేదు.

నేను తెర సందులోంచి డైరీ లోపలికి చాపాను. ఆ డైరీ అప్పటిదాకా ఇంకొకరి చేతిలోకి వెళ్ళలేదు. అందులో ఏమేం ఉన్నాయో తలుచుకుంటే ఇప్పటికీ చెవులు కాలుతాయి.

ఆయన చదివారు. "5.40 వాంతి. 7.15 ఆకు. 7.45 ఎడమ." తరవాత అడిగారు, "ఆకేటి?"

కట్టు విప్పిన చప్పుడు. "ఇంకా పచ్చగానే ఉంది," అన్నారాయన. ఎగతాళిగా అనలేదు.

గోడ గడియారంలో తొమ్మిది కావస్తోంది. ఆయన బయటికి వచ్చి, నాకూ అమ్మకీ పెదనాన్నకీ కలిపి చెప్పారు. రక్తం పారుతుందో లేదో చూసే స్కాన్ ఉంది గానీ, ఆ స్కాన్ తీసే మనిషి రావడానికి గంట పైన పడుతుంది. అనుమానం ఇంత గట్టిగా ఉన్నప్పుడు దానికోసం ఆగకూడదు. తెరిచి చూస్తే మెలిక కాకపోతే చిన్న కోత, నాలుగు కుట్లు. మెలికే అయి ఆగితే మాత్రం పిల్లాడు దాన్ని పోగొట్టుకుంటాడు. లోపల నల్లబడిపోయి ఉంటే తీసేయవలసి రావచ్చు, దానికీ సంతకం కావాలి.

నాన్న అప్పుడే వచ్చారు. మార్కెట్ నుంచి తిన్నగా వచ్చారు. వేళ్ళకి బెల్లం అంటుకుని ఉంది. పెన్ను జిగురుగా పట్టుకుని కాగితం చూశారు, పెదనాన్నని చూశారు. పెదనాన్న, "విశాఖ తీసికెళ్ళి ఇంకొకరికి చూపిద్దాంరా. ఒకటికి రెండు చోట్ల…" అన్నారు.

నాన్న నా వైపు తిరిగారు. "నువ్వు ఏటంటావమ్మా?"

మా ఇంట్లో ఆ ప్రశ్న నన్నెవరూ అడిగి ఎరగరు.

"విశాఖ వెళ్ళేసరికి టైము దాటిపోద్ది. సంతకం పెట్టు నాన్నా."

పెట్టారు. కాగితం మీద బెల్లం మరక పడింది.

వాము నీళ్ళు తాగాడని తెలిసి మత్తు డాక్టరు పూర్తి మత్తు కాకుండా నడుముకి ఇంజెక్షన్ ఇస్తానన్నారు. తమ్ముడు మెలకువగానే ఉంటాడట. "అక్కా, నాకు ఏటీ కాదు కదా" అని లోపలికి తీసికెళ్ళే ముందు అడిగాడు. కాదని చెప్పలేదు. "బేగి వచ్చేం" అని మాత్రం అన్నాను. నాకు తెలిసింది అదొక్కటే.

బయట బెంచీ మీద నలుగురం కూర్చున్నాం. నేను డైరీ తెరిచాను, టైము వేశాను, ఇంకేమీ రాయలేకపోయాను.

సర్జన్ వచ్చి మాస్కు దించి చెప్పారు. ఒకటిన్నర చుట్టు తిరిగిపోయి ఉందట. తెరవగానే ముదురు నీలంగా ఉందట. మెలిక విప్పి, గోరువెచ్చటి నీటిలో తడిపిన గుడ్డ కప్పి, కాసేపు ఆగారట. మెల్లగా రంగు వచ్చింది. ఉంచారు. మళ్ళీ తిరగకుండా లోపలి గోడకి కుట్టేశారు. కుడివైపుది కూడా కుట్టారు, ఎందుకంటే ఇలాంటి పిల్లలకి చాలాసార్లు రెండు వైపులా అదే తీరు, గుడి గంటలో నాలుకలాగా వేలాడుతూ ఉంటాయి. తగ్గాక కొన్ని నెలలకి స్కాన్ చేసి కుంచించుకుపోలేదని చూసుకోవాలి. అప్పటిదాకా పూర్తిగా బతికిందని చెప్పలేనన్నారు.

పెదనాన్న కళ్ళు తుడుచుకున్నారు. తరవాత కాసేపటికి అన్నారు, "ఆకు వేడి తగలబట్టే అంతసేపు ఆగింది."

ఆ రోజు నేను బదులు చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను. ఆకు వల్ల ఆగలేదు. ఆకు ఉన్నా ఆగింది.

ఇంటికి వచ్చాక అసలు గొడవ మొదలైంది. ఊరంతా తెలిసిపోయిందట. ఆటోలో అరిచానట. రేపు ఆ పిల్లాడికి సంబంధాలు ఎలా వస్తాయట, అలాంటి మాటలు అనే పిల్లకి ఎలా వస్తాయట. చూడటానికి వచ్చే వాళ్ళకి అపెండిక్స్ అని చెప్పాలని పెదనాన్న తీర్మానించారు. అందరూ ఒప్పుకున్నారు. నా వంతు వచ్చింది.

"బయటవాళ్ళకి ఏం చెప్పాలో తమ్ముడిష్టం. వాడి ఒళ్ళు," అన్నాను. "ఇంట్లో మాత్రం నేను అపెండిక్స్ అనను. అంటే రేపు ఇంకో పిల్లాడు కడుపునొప్పి అంటాడు, మనం ఇంకో మూడాకులు కోస్తాం."

"ఎంత నోరొచ్చిందే దీనికి!" అన్నారు పెదనాన్న. పది రోజులు నాతో మాట్లాడలేదు. నాకేం బాధ కలగలేదు. మాట్లాడకుండా ఉండటంలో నాకున్నంత అనుభవం ఆయనకి లేదు. పదకొండో రోజు ఆయనే కాఫీ అడిగారు.

తమ్ముడు మొదట్లో అపెండిక్స్ అనే చెప్పుకున్నాడు. నేను కాదనలేదు. స్కాన్ రోజు వాడితో నేను, పెదనాన్న వెళ్ళాం. కౌంటరులో అదే అమ్మాయి, చుట్టూ జనం. "దేనికి?" అంది. నేను నోరు తెరిచేలోపు వాడే చెప్పాడు, కాస్త కంగారుగా, కాస్త గట్టిగా. "టెస్టిస్ మెలిపడితే ఆపరేషన్ చేసేరు. చెకింగ్." పెదనాన్న దగ్గలేదు. చెప్పులకేసి చూసుకుంటూ అక్కడే నిలబడ్డారు. స్కాన్‌లో రెండు వైపులా ఒకే సైజు, రెండు వైపులా రక్తం బాగా పారుతోంది. ఆ సాయంత్రమే తమ్ముడు, "నీ డైరీలో ఇది రాసుకుంటే రాసుకో. నా పేరు మాత్రం వేయకు," అన్నాడు.

ఆముదం మొక్కని పీకేస్తానని అమ్మ అంది. నేను వద్దన్నాను. మొక్క చేసిన తప్పేమీ లేదు.

మొన్న పొద్దున్న పెదనాన్న వసారాలోంచి పిలిచారు. "అమ్మీ, ఓ ఆకు కోసుకురా."

నేను పెరట్లోకి వెళ్ళలేదు. ఆయన ఎదురుగా వచ్చి నిలబడ్డాను. "ఎవరికి?"

"ఎవరికైతే ఏటే?"

"ఎవరికి, ఎక్కడ, ఎప్పటినుంచి? చెప్తే కోస్తాను."

మూలన నానమ్మ చేట చెరగడం ఆపింది. పెదనాన్న ఆవిడ వైపు చూసి, నా వైపు చూసి, కండువా విదిలించారు.

"నాకే. మోకాలు. మొన్నటినుంచి. చాలా?"

"చాలు," అన్నాను. వెళ్ళి, చిల్లుల్లేని ఆకు ఒకటి చూసి కోశాను.